క్రిమ్సన్ ఆల్బమ్‌లకు ర్యాంకులు వేసే ముందు

సంపాదకులకు,

నమస్కారం. ప్రోగ్రెసివ్ రాక్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. ఆ సంగీతానికి తెలుగు పత్రికలో ఒక పేజీ దొరకడమే అరుదు, అందుకు ముందుగా కృతజ్ఞతలు. పేచీ అంతా వ్యాసం చివర బాక్సు కట్టి వేసిన జాబితాతోనే. కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం స్టూడియో ఆల్బమ్‌లు పదమూడింటికీ వరసగా నంబర్లు వేసేశారు. పైన 1969 నాటి మొదటి ఆల్బమ్, దాని కింద ‘రెడ్’, అట్టడుగున 2000 నాటి ‘ద కన్‌స్ట్రక్షన్ ఆఫ్ లైట్’. ఎవరి ఇష్టం వాళ్లది, దానితో తగువు లేదు. తగువల్లా ఆ నంబర్లు వేసిన పద్ధతితో.

1969 నుంచి 2021 దాకా ఆ పేరుతో వాయించినవాళ్లలో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉన్నది గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ ఒక్కరే. పాడినవాళ్లు మారారు, డ్రమ్మర్లు మారారు, వయొలిన్ వచ్చింది, పోయింది, శాక్సఫోన్ పోయి నలభై ఏళ్లకు తిరిగొచ్చింది. మధ్యలో ఏళ్ల తరబడి అసలు బృందమే లేదు. బయట బోర్డు ఒకటే, లోపల నాటక సమాజం వేరు. 1969లో మెలోట్రాన్ అనే టేపుల కీబోర్డు మీద గంభీరంగా నడిచిన బృందాన్నీ, 1981లో రెండు గిటార్ల అల్లికతో వచ్చిన బృందాన్నీ ఒకే కొలబద్దతో కొలిస్తే, ఏది ముందు విన్నామో దానికే పై స్థానం దక్కుతుంది. కాబట్టి ఏ ఆల్బమ్ అనే ప్రశ్నకు ముందు ఏ బృందం అనే ప్రశ్న తేలాలి. బృందం తేలాక ఆల్బమ్ తేల్చడం సులువు. ఆ తరవాత ఏ మిక్స్, అంటే విడివిడిగా పట్టిన వాద్యాలను కలిపిన ఏ రూపం, అనేది మూడో ప్రశ్న. మీ జాబితాలో మొదటి ప్రశ్నా లేదు, మూడోదీ లేదు.

బృందాన్ని తేల్చుకోవడానికి ఫ్రిప్ తెలిసో తెలియకో ఒక దారి వేసి పెట్టారు. ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్’ అనే వాద్య రచన మొదటి రెండు భాగాలు 1973లో అదే పేరున్న ఆల్బమ్‌లో వచ్చాయి. మూడో భాగం 1984లో ‘త్రీ ఆఫ్ ఎ పర్ఫెక్ట్ పెయిర్’ చివర ఉంది. నాలుగోది 2000 ఆల్బమ్‌లో మూడు ట్రాకులుగా విడగొట్టి ఉంటుంది. 2003 నాటి ‘ద పవర్ టు బిలీవ్’లో ‘లెవెల్ ఫైవ్’ అనే పేరుతో ఉన్నది ఆ వరసలో అయిదోదే. అన్నీ కలిపినా ముప్పావు గంటలోపు. ఒక్క కూర్చోవడంలో వరసగా వింటే, ఒకే ఆలోచనను మూడు వేర్వేరు బృందాలు ఎలా వాయించాయో వినబడుతుంది. రెండో భాగంలో మూడు, మూడు, రెండు, రెండుగా విరిగే పది మాత్రల లయ మీకు పట్టేస్తే 1973–74 బృందం మీది. మూడో భాగంలోని పలచని, చురుకైన గిటార్లు నచ్చితే 1980ల వైపు వెళ్లండి. నాలుగూ అయిదూ భాగాల్లోని ఇనుప బరువు నచ్చితే చివరి రెండు స్టూడియో ఆల్బమ్‌లు మీకోసమే, మీ జాబితా వాటిని కింద తోసిందని కంగారు పడనక్కరలేదు.

ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. 1969 నుంచి 1972 దాకా ఉన్న బృందాలు ఇందులోకి రావు. వాటిని విడిగా వినాల్సిందే.

మొదటి బృందానికి ఉన్న స్టూడియో ఆల్బమ్ ఒకటే, ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’. 1969 అక్టోబరు 10న విడుదలైంది. ఆ డిసెంబరులో అమెరికా పర్యటనలో ఉండగానే మెలోట్రాన్ వాయించే ఇయన్ మెక్‌డొనాల్డ్, డ్రమ్మర్ మైకేల్ జైల్స్ వెళ్లిపోతామన్నారు. కాబట్టి ఇక్కడ ఎంపిక ఆల్బమ్‌ది కాదు, ఎడిషన్‌ది. మీ వ్యాసంలో ‘పాతకాలపు రికార్డింగు కాబట్టి కాస్త మసకగా ఉంటుంది’ అన్నారు. ఆ మసకకు కారణం కాలం కాదు. మిక్స్ చేసి మాస్టర్ టేపు మీదికి ఎక్కించిన యంత్రంలో రికార్డింగు హెడ్లు సరిగా అమర్చి లేవు. దాంతో పై స్థాయి ధ్వనులు కొంత పోయాయి, కొంత చెదిరాయి. ఆ సంగతి పని పూర్తయ్యాకే బయటపడింది. పైగా ఆ మొదటి మాస్టర్ చాలా ఏళ్లు కనబడకుండా పోయింది. సీడీలు వచ్చిన కొత్తలో కాపీకి కాపీ తీసిన టేపుల నుంచే పని నడిపారు. అసలు మాస్టర్ దొరికాక దాని నుంచి చేసిన ఎడిషన్ 2004లో వచ్చింది. 2009లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్, ఫ్రిప్ కలిసి ఎనిమిది ట్రాకుల అసలు టేపులకే వెళ్లి కొత్తగా మిక్స్ చేశారు. 2019లో విల్సన్ మళ్లీ ఇంకో మిక్స్ చేశారు. మొదటి పాటలో గొంతు పగిలినట్టు వినిపించడం మాత్రం యంత్రం లోపం కాదు, కావాలని చేసిందే. ఏ ఎడిషన్‌లోనైనా అలాగే ఉంటుంది.

ఎడిషన్ పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. నాలుగో ట్రాక్ ‘మూన్‌చైల్డ్’ నిడివి చూడండి. 12 నిమిషాలు దాటితే పూర్తి రూపం. 9 నిమిషాల దగ్గర ఉంటే అది 2009 మిక్స్, పాట అయ్యాక వచ్చే నెమ్మది వాయింపులో దాదాపు మూడు నిమిషాలు కత్తిరించారు. ఆ కత్తెర మంచిదే అనేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఆ ఖాళీ తగ్గితే తరవాత వచ్చే చివరి పాట బరువు కూడా తగ్గినట్టే ఉంటుంది. మొదటిసారి వినేవాళ్లు పూర్తి రూపమే వినాలి. విసుగొస్తే రానివ్వండి, చివరి పాట మొదలైనప్పుడు ఆ విసుగు పనికొస్తుంది.

ఈ ఆల్బమ్‌లో తీగల వాద్య బృందంలా వినబడేది మెలోట్రాన్. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది, మీట నొక్కితే ఆ ముక్క హెడ్ మీదుగా జరుగుతుంది. ముక్క పొడవు సుమారు ఎనిమిది సెకన్లు. అది అయిపోతే ధ్వని ఆగిపోతుంది. మీట వదిలితే టేపు వెనక్కి వెళ్లాలి. అందుకే మెక్‌డొనాల్డ్ ఏ స్వరాన్నీ అంతకంటే సాగదీయలేరు, ఎనిమిది సెకన్లలోపే వేరే మీటలకు మారాలి. చాలా మీటలు ఒకేసారి నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి సన్నగా జారుతుంది. ‘ఎపిటాఫ్’లో ఆ వణుకు వినబడితే మీ ప్లేయర్‌ను అనుమానించొద్దు.

1970, 1971లలో మూడు ఆల్బమ్‌లు. ‘ఇన్ ద వేక్ ఆఫ్ పొసైడన్’ మొదటి ఆల్బమ్ అచ్చులోనే పోసింది. అందులో ‘క్యాట్ ఫుడ్’లో కీత్ టిపెట్ పియానో విని ముందుకు పోవచ్చు. ‘ఐలాండ్స్’లో ‘సెయిలర్స్ టేల్’ గిటార్ ఒక్కటే ఆ ఆల్బమ్‌ను నిలబెడుతుంది. నా ఓటు వీటి మధ్యలో వచ్చిన ‘లిజర్డ్’కి. 1970 డిసెంబరులో వచ్చిన ఈ ఆల్బమ్‌ను చేసిన బృందం ఒక్క కచేరీ కూడా చేయకుండానే చెదిరిపోయింది. ఇందులో పాడిన గోర్డన్ హాస్కెల్ గొంతు కొందరికి పడదు. ఎల్‌పీ రికార్డు రెండో పక్క మొత్తం ఆక్రమించిన 23 నిమిషాల రచన మొదటి భాగం పాడింది యెస్ అనే మరో బృందం గాయకుడు జాన్ ఆండర్సన్. ఆ సంగతి తెలియక గొంతు మారిందేమిటని గాభరా పడేవాళ్లున్నారు.

‘లిజర్డ్’కి చెడ్డపేరు రావడంలో పాత మిక్స్‌కి పెద్ద వాటా ఉంది. పియానో, శాక్సఫోన్, కార్నెట్, ట్రాంబోన్, ఓబో, సింథసైజర్ అన్నీ ఒకే ఇరుకు గదిలో తోసుకుంటున్నట్టు ఉంటాయి. ఫ్రిప్‌కే చాలా ఏళ్లు ఆ ఆల్బమ్ మీద సదభిప్రాయం లేదు. 2009లో విల్సన్ చేసిన మిక్స్‌లో ఒక్కో వాద్యానికీ నిలబడే చోటు దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి ‘సర్కస్’ మొదటి రెండు నిమిషాలు వింటే చాలు, తేడా తెలిసిపోతుంది. పాత సీడీ విని ‘లిజర్డ్’ను పదకొండో స్థానంలో పెట్టిన మీ రచయిత కొత్త మిక్స్ విన్నాక దాన్ని అక్కడే ఉంచుతారా? అందుకే ఏ మిక్స్ విన్నారో రాయకుండా వేసే ర్యాంకు సగం సమాచారమే.

ఇక అసలు విషయం, 1972 చివర నుంచి 1974 దాకా నడిచిన బృందం. ఫ్రిప్, బేస్ వాయిస్తూ పాడిన జాన్ వెటన్, యెస్ వదిలి వచ్చిన డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్, వయొలిన్‌తో డేవిడ్ క్రాస్, మొదట్లో లోహపు రేకులు, గొలుసులు, గంటలతో జేమీ మ్యూర్. మూడు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. మూడింటిలో ‘రెడ్’ అందరికీ ముద్దు, మీ జాబితాలోనూ అంతే. అది గొప్ప ఆల్బమ్ కాదని ఎవరంటారు? అయితే ‘రెడ్’ వచ్చేసరికి మిగిలింది ముగ్గురే, మిగతా వాద్యాలకు పాత మిత్రులు అతిథులుగా వచ్చారు. ఆల్బమ్ 1974 అక్టోబరులో అంగళ్లకు చేరేసరికి బృందమే లేదు. సెప్టెంబరులోనే రద్దు ప్రకటన వచ్చేసింది. అది ఈ బృందం వదిలి వెళ్లిన వీలునామా. ఆ బృందం బతికి ఉండగా ఏం చేసేదో చూపించేది ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’. నా మొదటి ఎంపిక అదే.

ఎందుకో చెప్పాలంటే ఆ ఆల్బమ్ ఎలా తయారైందో చెప్పాలి. వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం వీళ్ల ప్రాణం. స్టూడియోలో ఆ వేడి రాదని కచేరీల్లో చేసిన రికార్డింగులే తీసుకుని, శ్రోతల చప్పట్లు కత్తిరించి ఆల్బమ్‌లో పెట్టారు. మొత్తంగా స్టూడియోలో పుట్టినవి మొదటి రెండు పాటలే. ‘వి విల్ లెట్ యు నో’ గ్లాస్గోలోది. ‘ద మిన్సర్’ జ్యూరిక్‌లో వాయించినది, దాని మీద వెటన్ గొంతు తరవాత కలిపారు. ‘ట్రయో’, ఆల్బమ్ పేరే పెట్టుకున్న ట్రాక్, ‘ఫ్రాక్చర్’ మూడూ 1973 నవంబరు 23 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ వేదిక మీదివి. ‘ద నైట్ వాచ్’ మొదలు కూడా అక్కడిదే, మిగతా పాట స్టూడియోది. అతుకు ఎక్కడుందో వెతకడం మంచి కాలక్షేపం.

‘ట్రయో’ను దగ్గరగా వినండి. వయొలిన్, బేస్, మెలోట్రాన్, అంతే. డ్రమ్స్ ఒక్క దెబ్బ కూడా ఉండదు. బ్రూఫర్డ్ కర్రలు గుండెకు ఆనించి పట్టుకుని, వాయించకూడదని నిర్ణయించుకుని కూర్చున్నారు. రచనలో ఆయన పేరు కూడా వేశారు, వాయించకపోవడమూ ఆ రచనలో భాగమేనని. ఆ నిశ్శబ్దం విన్నాక ‘ఫ్రాక్చర్’కి వెళ్లాలి. పదకొండు నిమిషాల పైచిలుకు. మధ్యలో ఫ్రిప్ ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఒక్కో స్వరాన్నీ విడిగా మీటుతూ వేగంగా పోతారు, ధ్వని మాత్రం చిన్నగా ఉంచుతారు. గిటారిస్టులు ఇప్పటికీ భయపడే భాగం అదే. ఇంత నెమ్మది ధ్వనిలో అంత వేగం నిలపడానికి కుడి చెయ్యి ఏమాత్రం బిగుసుకోకూడదు, బిగుసుకుంటే స్వరాలు అతుక్కుపోతాయి. తరవాత మొత్తం బృందం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పటిదాకా వాల్యూమ్ పెంచుకుని వింటున్నవాళ్లకు చెవులు గింగురుమంటాయి.

ఆ ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ మొత్తం ‘ద నైట్ వాచ్’ పేరుతో 1997లో రెండు డిస్కులుగా వచ్చింది. ఆల్బమ్ నచ్చినవాళ్లు తరవాత వినాల్సింది అదే. ఆల్బమ్‌లో అతికించిన ముక్కలు అసలు ఏ రెండు పాటల మధ్య పుట్టాయో తెలుస్తుంది. 1974 ఆల్బమ్ కాలపు కచేరీలతో 27 డిస్కుల పెట్టె కూడా 2014లో వచ్చింది గానీ కొత్తవాళ్లు దాని జోలికి పోనక్కరలేదు. ఒకే పాట పాతికసార్లు విని ఏది మంచిదో తేల్చుకునే ఓపిక ఉన్నవాళ్ల సరుకది.

ఒక గందరగోళం ఇక్కడే తీర్చుకోవాలి. ‘స్టార్‌లెస్’ అనే పాట ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’ ఆల్బమ్‌లో లేదు. వెటన్ ఆ పాట తెచ్చినప్పుడు మిగతావాళ్లకు రుచించలేదు, పేరు మాత్రం ఆల్బమ్‌కి పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా అదే పాట పెరిగి పెద్దదై ‘రెడ్’ చివర చేరింది. మీ వ్యాసంలో పాట పేరు ఒకచోట, ఆల్బమ్ పేరు ఇంకోచోట తారుమారయ్యాయి. అందరూ చేసే పొరపాటే, తరవాతి సంచికలో చిన్న సవరణ వేస్తే చాలు.

‘రెడ్’ను ఎలా వినాలో కూడా ఒక మాట. రెండు పక్కలూ దాదాపు సమానం, ఒక్కోటి ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. రెండో పక్కలో ఉన్నవి రెండే. ‘ప్రావిడెన్స్’ ఎనిమిది నిమిషాలు, ‘స్టార్‌లెస్’ పన్నెండు. మొదటిది 1974 జూన్ 30న అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో అప్పటికప్పుడు వాయించినది. దాని మర్నాడు న్యూయార్క్‌లో చేసిందే ఆ బృందం ఆఖరి కచేరీ. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ‘స్టార్‌లెస్’కి పోతారు. దాటేస్తే నష్టం ఏమిటంటే, ఎనిమిది నిమిషాలు గమ్యం లేని చీకట్లో తిరిగాక వచ్చే మెలోట్రాన్ బాణీకి ఉండే ఊరట దొరకదు.

‘స్టార్‌లెస్’లో పాట అయిపోయాక, దాదాపు నాలుగున్నర నిమిషాల దగ్గర, బేస్ ఒక్కటే మిగిలి పదమూడు మాత్రల ఆవర్తం మొదలుపెడుతుంది. తాళం వేస్తూ లెక్కపెట్టండి, మొదటి రెండు మూడు ఆవర్తాలు తప్పినా ఫరవాలేదు. ఫ్రిప్ ఒకే స్వరాన్ని రెండు తీగల మీద మార్చి మార్చి మీటుతారు. చాలాసేపు అదే స్వరం. తరవాత ఒక మెట్టు పైకి. మళ్లీ అదే. బ్రూఫర్డ్ మొదట టకటకమని చిన్న చిన్న చప్పుళ్లు, తరవాత డ్రమ్స్, ఆ తరవాత సింబళ్లు కలుపుతూ వస్తారు. తొమ్మిదో నిమిషం దాటాక కట్ట తెగుతుంది. శాక్సఫోన్ దూకుతుంది, లయ రెట్టింపవుతుంది, చివర మొదటి బాణీయే తిరిగొస్తుంది. ఇందులో గిటార్ ‘సోలో’ అంటే ఆ ఒక్క స్వరమే. ఎక్కువ స్వరాలు వాయించడమే గొప్ప అనుకునే ఈ తరహా సంగీతంలో ఇంత పొదుపు మళ్లీ కనబడదు. మొదటి పక్క చివరి పాట ‘వన్ మోర్ రెడ్ నైట్‌మేర్’లో రేకు డబ్బా మీద కొట్టినట్టు మోగే సింబల్ సంగతి కూడా: అది ఎవరో చెత్తలో పారేసిన, విరిగి అంచు మడతపడిన సింబల్. బ్రూఫర్డ్ దాన్ని ఏరి తెచ్చుకుని వాడారు. రికార్డింగు బాగోలేదని ఫిర్యాదు చేసేవాళ్లు ఇది గమనించాలి.

‘లార్క్స్ టంగ్స్’ ఆల్బమ్ దగ్గర ఎదురయ్యే చిక్కు పూర్తిగా వాల్యూమ్‌ది. మొదటి మూడు నిమిషాలూ మ్యూర్ చిన్న చిన్న వాద్యాల సవ్వడి. వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతాం. గిటార్ వచ్చేసరికి స్పీకర్ల మీద పడుతుంది. ముందుగా రెండో భాగంలోని పెద్ద చప్పుడు దగ్గర వాల్యూమ్ సరిపెట్టుకుని, దాన్ని ముట్టుకోకుండా మొదటికి వెళ్లి వినాలి. పాత మిక్స్‌లో మ్యూర్ పని చాలా వరకు అడుగున పడిపోయింది, 2012 మిక్స్‌లో అది పైకి తేలింది. ఈ ఆల్బమ్‌కి నేనైతే 2012దే తీసుకుంటాను. ‘రెడ్’కి మాత్రం 1974 నాటి అసలు మిక్స్‌ను మించింది లేదు. దాని మొరటుతనమే దాని అందం.

వింటూ పోల్చేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ప్రతి బృందానికీ వర్తిస్తాయి. రెండు ఎడిషన్లను పోలిస్తే ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది. చెవి నైజం అది. గొంతు ఒక్కటే వినబడే చోటు చూసుకుని రెండింటి ధ్వనీ సమానం చేసుకున్నాకే తీర్పు చెప్పాలి. ఫోన్ యాప్‌లలో పాటల ధ్వనిని సమం చేసే ఏర్పాటు ఉంటుంది. అది ఒక్కో పాటకూ విడిగా పనిచేస్తే, నెమ్మదిగా ఉండాల్సిన పాట బిగ్గర పాటతో సమానమైపోయి ఆల్బమ్ ఎత్తుపల్లాలు చదునవుతాయి. ఆల్బమ్ మొత్తానికి ఒకే లెక్క వర్తించేలా మార్చుకోండి, వీలు లేకపోతే ఆపేయండి. పాట చివర తరవాతి పాటను కలిపే క్రాస్‌ఫేడ్‌ను తప్పనిసరిగా ఆపాలి. నెమ్మదిగా ముగిసే ట్రాకుల తోకలను అదే మింగేస్తుంది. బోనస్ ట్రాకుల సంగతీ చూసుకోండి. ‘రెడ్’ 2009 సీడీలో ఆల్బమ్ అయ్యాక ముగ్గురే వాయించిన ముసాయిదా ట్రాకులు వస్తాయి. ‘స్టార్‌లెస్’ ముగిశాక అవి వరసగా మొదలైతే ఆ ముగింపు నీరుగారిపోతుంది. నలభై నిమిషాలకు ఆపడం మీ చేతిలో పని.

1981లో ఫ్రిప్, బ్రూఫర్డ్‌లతో అమెరికా నుంచి గిటార్ వాయిస్తూ పాడే ఏడ్రియన్ బెలూ, బేస్ వాయించే టోనీ లెవిన్ కలిశారు. ఈ నలుగురివీ మూడు ఆల్బమ్‌లు. ఎంపిక మీద చర్చే లేదు, ‘డిసిప్లిన్’. ‘బీట్’ మూడింటిలో బలహీనం. ‘త్రీ ఆఫ్ ఎ పర్ఫెక్ట్ పెయిర్’ ఒక పక్క పాటలు, రెండో పక్క ప్రయోగాలు, రెండు వేర్వేరు ఆల్బమ్‌లలా ఉంటుంది. ‘డిసిప్లిన్’లో సింబళ్ల జోలికి పోవద్దని ఫ్రిప్ బ్రూఫర్డ్‌ను కోరారు. సింబల్ ధ్వని గిటార్ల పై స్వరాలు ఉండే చోటునే ఆక్రమిస్తుంది. దాన్ని తీసేస్తే రెండు గిటార్ల అల్లిక స్పష్టంగా కనబడుతుంది. ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’లో ఒకచోట రెండు గిటార్లూ ఏడు మాత్రల చొప్పున కలిసి నడుస్తూ, ఒకటి ప్రతి రెండో చుట్టులో ఒక్క స్వరం వదిలేస్తుంది. రెండు చుట్లకు ఇది పద్నాలుగు, అది పదమూడు. ప్రతి రెండు చుట్లకూ వాళ్ల మధ్య దూరం ఒక స్వరం పెరుగుతుంది. మిశ్ర నడకలో చెయ్యి తిరిగినవాళ్లకు ఇది పట్టుకోవడం కష్టం కాదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క గిటార్‌నే అంటిపెట్టుకుని వినండి, రెండోసారి ఇంకోదాన్ని. రెండూ ఒకేసారి పట్టుకోవాలని మొదటిసారే ప్రయత్నిస్తే రెండూ జారిపోతాయి. ఈ బృందం ఆఖరి కచేరీ, 1984 జులైలో మాంట్రియల్‌లో చేసినది, 1998లో ‘ఆబ్సెంట్ లవర్స్’గా వచ్చింది. ‘బీట్’ పాటలు అందులోనే బాగుంటాయి.

1995లో ‘థ్రాక్’ నాటికి ఆరుగురు: ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు గిటారిస్టులు, అడుగు స్వరాలకు ఇద్దరు. 2015లో ఆఖరి బృందం గాయకుడు జాకో జాక్‌జిక్, ఫ్రిప్ చేసిన మిక్స్ వింటే ఆ రద్దీ కాస్త విడిపోతుంది.

మీరు అట్టడుగున పెట్టిన 2000 ఆల్బమ్ గురించి ఒక న్యాయం చేయాలి. అది వినడానికి పొడిగా, ప్లాస్టిక్‌లా ఉందంటే కారణం రచనలు కాదు, ఎలక్ట్రానిక్ డ్రమ్స్. తరవాత మళ్లీ మిక్స్ చేద్దామంటే అసలు డ్రమ్స్ ఫైళ్లు దొరకలేదు. దాంతో ఆ ఆల్బమ్ డ్రమ్మర్ పాట్ మాస్టెలోటో మొత్తం ఆల్బమ్‌కి మామూలు డ్రమ్స్ మీద కొత్తగా వాయించారు. అది 2019లో పేరు కొద్దిగా మార్చుకుని, ‘రికన్‌స్ట్రక్షన్’గా వచ్చింది. రెండింటికీ ఒకే ర్యాంకు ఎలా వేస్తారు? కొత్తది వింటే ఆల్బమ్ నాలుగైదు మెట్లు ఎక్కుతుంది. అయినా ఆ కాలానికి నా ఎంపిక ‘ద పవర్ టు బిలీవ్’. ముందుగా కచేరీల్లో నలిగిన రచనలు కాబట్టి స్టూడియోకి వచ్చేసరికి గట్టిపడ్డాయి.

మీ జాబితా పూర్తిగా వదిలేసిన బృందం ఆఖరిది. 2014 నుంచి 2021 డిసెంబరు 8న టోక్యోలో చివరి కచేరీ దాకా ముగ్గురు డ్రమ్మర్లు వేదిక ముందు వరసలో, మిగతావాళ్లు వెనక ఎత్తు మీద. స్టూడియో ఆల్బమ్ ఒక్కటీ చేయలేదు కాబట్టి స్టూడియో ఆల్బమ్‌ల జాబితాలో వాళ్లకు చోటు లేకుండా పోయింది. ఈ బృందం ‘ఐలాండ్స్’, ‘లిజర్డ్’ పాటలను కూడా బయటికి తీసింది. జాకో జాక్‌జిక్ గొంతులో, నలభై ఏళ్ల తరవాత తిరిగొచ్చిన మెల్ కాలిన్స్ శాక్సఫోన్‌తో. 2016లో వచ్చిన ‘రాడికల్ యాక్షన్’ మూడు సీడీల్లో కచేరీ రికార్డింగుల నుంచి శ్రోతల చప్పుడు తీసేసి స్టూడియో ఆల్బమ్‌లా కూర్చారు. 1974లో చేసిన పనే మళ్లీ చేశారన్నమాట. కచేరీ వాతావరణం కావాలంటే 2015 నవంబరు 20 నాటి ‘లైవ్ ఇన్ టొరాంటో’ తీసుకోండి. ముగ్గురు డ్రమ్మర్లూ ఎడమ, మధ్య, కుడి విడివిడిగా వినబడతారు, స్పీకర్లు రెండూ సమదూరంలో ఉంటేనే. ఫోన్ స్పీకర్ మీద ముగ్గురూ ఒక్కరైపోతారు. 1972 నాటి ‘ఎర్త్‌బౌండ్’ను మాత్రం ఇష్టమైన కచేరీ ఆల్బమ్‌గా ఎవరికీ చెప్పకండి. వాయింపు మంటలే గానీ క్యాసెట్ మీద పట్టిన రికార్డింగు అది, అప్పట్లో అమెరికాలో విడుదలకు కంపెనీ ఒప్పుకోలేదు.

కోరేది ఒక్కటే. ఈసారి ఇలాంటి జాబితా వేసినప్పుడు ప్రతి ఆల్బమ్ పక్కన మూడు వివరాలు వేయించండి: వాయించినవాళ్ల పేర్లు, విడుదలైన ఏడు, రచయిత విన్న మిక్స్ ఏ ఏటిదో. కచేరీ ఆల్బమ్‌లకు వేరే బాక్సు పెట్టి, 1973–74 బృందానికి, 2014 బృందానికి అందులో చోటివ్వండి.

ఉత్తరం మీ పేజీకి పెద్దదైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే ‘థ్రాక్’ నుంచి మొదలుపెట్టి మెలోట్రాన్ దాకా ఏదైనా తీసేయండి. ‘స్టార్‌లెస్’ ఏ ఆల్బమ్‌లో ఉందో చెప్పే సవరణ మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు